లెక్కల మేడం, బెల్లం కాంటా

గణిత దినోత్సవ ఘటన ప్రత్యేక విచారణాధికారి గారి సముఖమునకు,

వరంగల్ దగ్గర నల్లబండపల్లి నివాసి, రిటైర్డ్ అటెండరు, పాఠశాల ఉత్సవ కమిటీ సభ్యుడు కట్టయ్య నమస్కరించి సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ఊరి ఉన్నత పాఠశాల లెక్కల టీచరు శ్రీమతి స్నేహలత గారిని విచారణ పేరున పట్నంలో కూర్చోబెట్టుట – సదరు మేడంను వెంటనే తిరిగి పంపుట – మా ఊరిలో కొత్త దేవత ఎవరూ వెలవలేదని తెలియజేయుట – చీమల సంగతి – మనవి.

సూచిక: 1. పై నుంచి వచ్చిన సర్క్యులరు. 2. తమరి మెమో. 3. నా భార్య భద్రమ్మ నోటిమాటగా ఇచ్చిన ఆదేశములు.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని విన్నవించునది ఏమనగా, నేను సర్వీసంతా ఒక సర్కారు దఫ్తరులో అర్జీలు మోసిన వాడిని. రాసిన వాడిని కాను. ఈ టేబులు మీద నుంచి ఆ టేబులు మీదికి మోసీ మోసీ వాటి భాష నాకు అబ్బింది. అధికారులు అర్జీలో మొదటి పేజీ మాత్రమే చదువుతారన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. అందుకని అసలు మాట ముందే రాస్తున్నాను. మా మేడంను మాకు పంపండి. మిగతాది తమరు టీ తాగేటప్పుడు చదువుకోగలరు.

1. డిసెంబరు మాసమున వచ్చు గణిత దినోత్సవమును, విద్యార్థులలో లెక్కలు, సైన్సు, సాంకేతిక విద్యల పట్ల ఆసక్తి పెంచు నిమిత్తము, "పండుగ వాతావరణంలో, గ్రామ ప్రజల భాగస్వామ్యంతో" జరపవలెనని సర్క్యులరు వచ్చినది. ఏ పండుగ అన్నది అందులో లేదు. ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. దసరా అని రాస్తే జమ్మి తెచ్చేవాళ్ళం, బతుకమ్మ అని రాస్తే తంగేడు పూలు వెతికేవాళ్ళం. ఏదీ రాయనందున ఉత్సవ కమిటీ అన్నిటిలో నుంచి కొంచెం కొంచెం తెచ్చింది. మామిడాకులు, సీరియల్ బల్బులు, మైకు సెట్టు, పరమాన్నం. డప్పులు కూడా మాట్లాడతానంటే మేడం వద్దన్నారు. "పిల్లలు చెప్పే లెక్కలు వినపడాలి కద, కట్టయ్యగారూ" అన్నారు. నేను సరేనన్నాను గానీ మనసులో కొంచెం నొచ్చుకున్నాను. డప్పు లేని పండుగ పండుగా?

2. ఇక్కడ మేడం గారి గురించి, నా మనవరాలు యమున గురించి తమరికి తెలియజేయుట అవసరం. యమున ఎనిమిదో తరగతి. దాని అమ్మానాన్న భివండీలో మగ్గాల పనిలో ఉన్నారు, పిల్ల మా దగ్గర పెరుగుతున్నది. పోయినేడు దాకా లెక్కల పీరియడు ఉన్న రోజల్లా దానికి కడుపునొప్పి వచ్చేది. లెక్కల పీరియడు రోజూ ఉంటుంది. కావున నొప్పి కూడా రోజూ వచ్చేది. దవాఖానకు తోలుకపోయి తోలుకపోయి నా చెప్పులు అరిగినవి. స్కానింగు కూడా చేయించాము, అందులో ఏమీ కనబడలేదు. లెక్కలంటే భయం స్కానింగులో కనబడదట.

తర్వాత స్నేహలత మేడం బదిలీ మీద వచ్చినారు. రోజూ వరంగల్ నుంచి బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేవారు. ఆమె నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పే రకం కాదు. గాజులు, గోలీలు, సైకిలు చక్రం, ఏది కనబడితే దానితో లెక్క చెప్పేది. మూడు నెలలు తిరగకముందే పిల్ల కడుపునొప్పి మాయమైంది. ఒక రోజు దవాఖాన డాక్టరు గారు బజార్లో ఎదురై, "కట్టయ్యా, పాపను వేరే డాక్టరుకు చూపిస్తున్నావా?" అని అడిగారు. పాపం, ఆయన బాధ ఆయనది.

3. మెమోలో పేర్కొనబడిన కాంటా గురించి: గణిత దినోత్సవం నాడు సమీకరణాలు చూపించడానికి మేడం ఒక కాంటా కావాలన్నారు. మా ఊరి కిరాణా కొట్టు కుమారస్వామి వాళ్ళు నాయన కాలంలో ధాన్యం వ్యాపారం చేసినవాళ్ళు. అప్పటి పాత కాంటా, మనిషి కూర్చునేంత పళ్ళేలు ఉన్నది, కుమారస్వామి ఇచ్చాడు. రాళ్ళు మాత్రం ఎక్కడున్నవో దొరకలేదు. తూకం రాళ్ళు లేకుంటే ఎట్లా అని అందరం తలపట్టుకుంటే, పరమాన్నానికి తెచ్చిన బెల్లం దిమ్మలు మేడం కంట పడ్డవి. అన్నీ ఒకే అచ్చులో పోసినవి, ఒకటే బరువు. "ఇవే మన తూకం రాళ్ళు" అన్నారు. ఒక పళ్ళెంలో పిల్లను కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో దిమ్మలు పేర్చి, "ఈ పక్క ఎంతో ఆ పక్కా అంతే, ఈ పక్క తీస్తే ఆ పక్కా తీయాలి" అని చెప్పాలని ఏర్పాటు. చాక్‌పీసుతో బోర్డు మీద లెక్క రాసే బాధ్యత యమునది. ఆ రోజు పొద్దున అది జడకు రెండు రిబ్బన్లు ఎక్కువ కట్టుకున్నది.

4. కాంటాకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసిన వ్యక్తి స్నేహలత మేడం కానేకాదు. సదరు వ్యక్తి నా భార్య భద్రమ్మ. ఈ విషయం తమరికి రాస్తున్నానని ఆమెకు చెప్పే రాస్తున్నాను. "పెట్టిన. అయితే ఏంది?" అన్నది. "ఎన్నేండ్ల సంది మూలకు పడ్డ ఇనుమో ఏమో. పసుపన్న పెట్టకుంట పిల్లలను కూసోబెడతరా? రేపు ఆ గొలుసు తెగితే ఆ సారు వచ్చి పట్టుకుంటడా?" ఆ సారు అంటే తమరే. మన్నించగలరు.

5. ఇక మొగిలమ్మ. మా వాడకట్టు ముసలమ్మ. మేడారం జాతర అంటే ఏనాడూ తప్పని మనిషి, ఈసారి మోకాళ్ళు సహకరించక ఇంట్లో దిగులుపడి ఉంది. పరమాన్నం పెడుతున్నారని విని చంకలో మేకపిల్లను పెట్టుకొని బడికి వచ్చింది. వచ్చి చూస్తే కాంటా. కాంటాకు పసుపు. కాంటా పక్కన బెల్లం.

అయ్యా, తమరు ధర్మంగా చెప్పండి. మేడారం జాతర నెల ఉందనగా ఇవి మూడూ ఒక్కచోట కనబడితే మా దిక్కు మనిషి ఏమనుకోవాలి? సమ్మక్క సారలమ్మలకు మనిషి తన ఎత్తు బెల్లం తూచి మొక్కు అప్పజెప్తాడు. ఆ బెల్లాన్ని మేము బంగారం అంటాము. తాతల నాటి నుంచి తూస్తూనే ఉన్నాము. అది సమీకరణమని మాకు ఎవరూ చెప్పలేదు.

"పంతులమ్మా, మేడారం పోలేనోళ్ళకు సర్కారోళ్ళు ఈడికే కాంటా పంపిండ్రా?" అని అడిగింది మొగిలమ్మ. మైకులో ఎవరో హలో హలో అంటున్నారు. మేడంకు సగమే వినబడింది. "అవునమ్మా, అందరు పాల్గొనాలని పైనుంచే ఆర్డరు" అన్నారు. మొగిలమ్మ పైకి చూసి దండం పెట్టి, చెప్పులు విడిచి, మేకపిల్లతో సహా పళ్ళెంలో కూర్చున్నది.

యమున దిమ్మలు పేర్చి లెక్క కట్టి, బోర్డు మీద "మొగిలమ్మ + మేకపిల్ల" అని రాసి ఎదురుగా దిమ్మల సంఖ్య వేసింది. అప్పుడు మొగిలమ్మకు అనుమానం వచ్చింది.

"బిడ్డా, మొక్కు నాది. మేక బంగారం నేనెందుకియ్యాలె?"

"అయితే మేకను దించు అవ్వా. అది దిగితే గటు దిక్కు కొన్ని దిమ్మలు నేను తీస్త. రెండు దిక్కుల సమానం తీస్తే కాంటా మల్ల నిలబడ్తది."

మేకపిల్లను దించారు. మొగిలమ్మ పళ్ళెం పైకి లేచింది. యమున ఒక దిమ్మ తీసింది, ఇంకొకటి తీసింది, కాంటా నిలబడింది. చుట్టూ ఉన్న జనం అంతా ఒక్కసారి "ఆఁ" అన్నారు. అయ్యా, నేను చదువుకున్న కాలంలో సమీకరణం చెప్పేందుకు పంతులు గారు నా చెవి మెలిపెట్టేవారు. చెవి మిగిలింది గానీ సమీకరణం మిగల్లేదు. ఆ రోజు మేక దిగగానే నాకు అర్థమైంది. పక్కనున్న వాళ్ళకూ అర్థమైంది. మేకకు కూడా ఏదో అర్థమైనట్టుంది, రెండో పళ్ళెం దగ్గరికి పోయి ఒక దిమ్మను నాకి, కొరికి, కొంత మింగేసింది. కాంటా మళ్ళీ ఒరిగింది. "చూసిండ్రా, ఒక్క దిక్కు తీస్తే ఏమైతదో" అన్నది యమున. మేడం నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గణిత దినోత్సవం అంత వరకు సర్క్యులరు ప్రకారమే జరిగిందని నేను ఎక్కడైనా చెప్పగలను.

6. ఈ అంశము నా బరువుకు సంబంధించినది. భద్రమ్మ అభ్యంతరం మేరకు కాదు, నా అభ్యంతరం మేరకు తొలగించబడినది. ఊరందరి ముందర నన్ను కూర్చోబెట్టినారని, బడిలో ఉన్న దిమ్మలు చాలక కుమారస్వామి కొట్టుకు మనిషిని పంపినారని మాత్రం తెలియజేయుచున్నాను. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో నాకు అన్నం బదులు జొన్నరొట్టె పెడుతున్నారు.

7. తదుపరి జరిగినది నా చేతిలో లేదు. మొగిలమ్మ తూగిందని తెలిసి వాడకట్టంతా కదిలింది. ఎవరి బెల్లం వాళ్ళు తెచ్చుకున్నారు, తూచినది మేడారం పంపుటకు బడిలోనే పెట్టిపోయారు. వరుస బడి గేటు దాటి తారు రోడ్డు దాకా పోయింది. పాలంపేట పోయే బస్సు ఆ జనాన్ని చూసి ఆగింది. రామప్ప గుడి చూడబోయే ప్రయాణికులు దిగి వరుసలో నిలబడ్డారు. డ్రైవరు గారు కూడా తూగినారు, కండక్టరు గారు టికెట్ల మిషను నడుముకు ఉండగానే కూర్చుంటే యమున ఒప్పుకోలేదు. "మిషను బంగారం ఎవరిస్తరు అంకుల్?" అన్నది. ఆయన మిషను తీసి మేడం చేతికిచ్చి కూర్చున్నాడు.

అదే రోజు మా ఊరి వాళ్ళు సొంతంగా చేసిన సైన్సు కూడా రాస్తాను. బరువు తక్కువ తూగితే బెల్లం తక్కువ పడుతుందని ఆడవాళ్ళు గాజులు తీశారు, మగవాళ్ళు బెల్టులు తీశారు, ఒకాయన నోట్లో గుట్కా కూడా ఉమ్మి వచ్చాడు. బెల్లం అమ్ముకునే కుమారస్వామి మాత్రం, "తూగేముందు పరమాన్నం తినండి, మీ పుణ్యం" అని గేటు దగ్గర అందరినీ బతిమాలాడు. కాంటా ఒక దిక్కుకు ఒరుగుతుందని ఎవరో గొడవ పెట్టుకుంటే, యమున మనిషిని కుడి పళ్ళెంలోకి, బెల్లాన్ని ఎడమ పళ్ళెంలోకి మార్చి మళ్ళీ తూచి చూపింది. గొడవ చేసినాయన, "పిల్ల నిజమే చెప్తాంది" అని ఒప్పుకున్నాడు. ఆయన ఇదివరకు పంచాయితీలో కూడా ఏదీ ఒప్పుకున్నవాడు కాదు.

8. "లెక్కల తల్లి" అను పేరు ఎవరు పెట్టినారో ఇప్పటికీ తెలియదు. దండ వేసిన కాంటా ఫోటో ఫోన్లలో తిరిగింది. కింద ఇట్లా రాసి ఉంది: "నల్లబండపల్లిలో లెక్కల తల్లి వెలిసింది. ఈ మెసేజ్ పదిమందికి పంపితే లెక్కల్లో పదికి పది. పంపకపోతే సున్నా." తెల్లవారి నుంచి పరీక్షల పిల్లలు, వాళ్ళ తల్లులు, ఆఖరికి కోచింగు సెంటరు వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. పాలకుర్తి నుంచి వచ్చిన ఒకాయన తల్లి విగ్రహం ఎక్కడని అడిగితే, పిల్లలు బోర్డు చూపించారు. బోర్డు మీద మొగిలమ్మ పేరుంది. ఆయన మొగిలమ్మ ఇంటికి పోయి కాళ్ళు మొక్కివచ్చాడు. మొగిలమ్మ ఆశీర్వదించింది కూడా. ఆమెకు ఎవరు కాళ్ళు మొక్కినా ఆశీర్వదిస్తది, అలవాటు.

9. ఇంతలో తమరి మెమో వచ్చినది. "పాఠశాల ఆవరణలో మూఢనమ్మకములను ప్రోత్సహించి, అనుమతి లేని దేవతను నెలకొల్పినందుకు" అని మేడం గారి మీద ఆరోపణ. విచారణ ముగిసేదాకా పట్నంలో తమరి కార్యాలయంలోనే హాజరు కావలెనని ఆదేశం. అయ్యా, మేడం వాళ్ళు క్రైస్తవులు. ప్రతి ఆదివారం చర్చికి పోతారు, చర్చిలో పాటలు పాడతారు. ఆమె మా ఊరికి వచ్చి కొత్త తల్లిని నిలబెట్టిందంటే ఎవరు నమ్ముతారు? మెమో సంగతి తెలిసి వాళ్ళ పాస్టరు గారు కూడా ఆమెను సంజాయిషీ అడిగినారట. అటు తమరికి, ఇటు ఆయనకు, ఒకే తప్పుకు రెండు సంజాయిషీలు. చేయని తప్పుకు. మేడం ఎవరినీ ఒక్క మాట అనలేదు. పసుపు భద్రమ్మ పెట్టిందని కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడికక్కడే బయటపడేవారు. అడిగితే, "పెద్దమనిషి ప్రేమతోని పెట్టింది, ఆమె పేరు ఎందుకు రాయాలి?" అన్నారట. ఆ మాట విని భద్రమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నా కోసమని చేసిన జొన్నరొట్టె కూడా ముట్టలేదు.

10. విచారణకు తమరు ఒకసారి జీపులో వచ్చి చూసి వెళ్ళినాక, తమరి కార్యాలయం నుంచి మల్లికార్జున్ గారు అను పర్యవేక్షకులు వచ్చినారు. వారు కాంటాను, బెల్లాన్ని, బోర్డును లెక్కల గదిలో పెట్టించి తలుపుకు సీలు వేసినారు. సాక్ష్యం అన్నారు. సీలు వేయకముందు, "ఇది ఎట్ల పనిచేస్తదో పరిశీలన నిమిత్తం చూడాలి" అని వారే పళ్ళెంలో కూర్చున్నారు. నేను చూశాను. చూడనట్టు కిటికీ వైపు తిరిగాను గానీ చూశాను. తూగిన తర్వాత వారు యమునను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు.

"మావోడు ఇంటర్ లెక్కల్ల పోయిండు బిడ్డా. ఈడ మొక్కితే పాసైతడా?"

"మొక్కుకోండి అంకుల్, ఏం కాదు. కని అన్నను గూడ లెక్కలు చెయ్యమనండి. బంగారం గటు దిక్కే పెట్టి, ఇటు దిక్కు ఎవ్వలు కూసోకుంటే కాంటా నిలబడదు."

ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. విచారణ నివేదికలో ఈ మాట ఉన్నదో లేదో నాకు తెలియదు. లేకపోతే ఇప్పుడు చేర్చగలరు. మూఢనమ్మకం నేర్పిన బడిలో పిల్ల ఇట్లా జవాబిస్తుందా అన్నది తమరే ఆలోచించాలి.

11. చీమలు. తమరి సీలు తలుపుకు ఉన్నది. చీమలకు తలుపుతో పని లేదు. ఇప్పుడు లెక్కల గదిలో ఉన్న బెల్లానికి మా మండలంలోని చీమలన్నీ హాజరవుతున్నవి, వరుస మాత్రం పిల్లల కంటే పద్ధతిగా కడుతున్నవి. పోయిన వారం కోతులు కిటికీ చువ్వలు వంచినవి. సాక్ష్యం రోజురోజుకూ తగ్గిపోతున్నదని తమరికి ముందుగానే తెలియపరచుచున్నాను. రేపు బెల్లం తక్కువైందని మా మీదికి రావద్దు.

12. ప్రస్తుతం లెక్కలు చెప్పేవారు లేక డ్రిల్లు సారు భానుచందర్ గారికి అప్పజెప్పినారు. చాలా మంచి మనిషి. పిల్లలను ఎండలో నిలబెట్టడు. కానీ ఆయన లెక్క "వన్, టూ, వన్, టూ" దగ్గర ఆగుతుంది, మూడు రాదు. ఆయనే హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయి, "సార్, నేను పిల్లలతోని ఎన్ని గుంజీలైన తీయిస్త, ఈ సమీకరణాలు మాత్రం నాతోని కాదు" అని దండం పెట్టినాడు. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్ష దగ్గర పడుతున్నది. వాళ్ళ తల్లిదండ్రులు ఉత్సవ కమిటీ సభ్యుణ్ణని నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. నేను సందులగుండా తిరుగుతున్నాను.

13. ఇది ఆఖరి అంశము. ఎట్లా రాయాలో తెలియడం లేదు. దఫ్తరులో మోసిన అర్జీలలో ఇటువంటిది చూసిన గుర్తు లేదు.

మేడం పోయిన వారానికి యమునకు మళ్ళీ కడుపునొప్పి మొదలైంది. డాక్టరు గారు సంతోషపడతారేమో అనుకున్నాను, ఆయన కూడా సంతోషపడలేదు. "మందుతోని పోయేది కాదు కట్టయ్యా, తీసుకపో" అన్నారు. పిల్ల పొద్దున బడికి పోయేముందు బస్ స్టాపులో కూర్చుంటున్నది. వరంగల్ బస్సు వస్తే లేచి నిలబడుతుంది, అందరూ దిగినాక మళ్ళీ కూర్చుంటుంది. "బస్సు పోయింది, పదవే" అంటే, "ఇంకో బస్సుంది తాతా" అంటుంది. నిన్న నేను కోపం పట్టలేక, "మేడం రాదు, లెక్కలు నేను చెప్తా పా" అన్నాను. అది నా ముఖం చూసి, పాపం నన్ను బాధపెట్టొద్దని, "సరే తాతా" అన్నది. అయ్యా, నాకు ఏడుపు వచ్చింది. అర్జీలో ఏడుపు రాయకూడదని తెలుసు. కానీ వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

పిల్లలకు లెక్కల మీద ఆసక్తి పెంచమని సర్క్యులరు పంపినది తమరి శాఖవారే. ఆసక్తి పెరిగింది. పెంచిన మనిషిని తీసుకపోయినది కూడా తమరి శాఖవారే. ఇందులో ఏది తప్పు అన్నది పిల్ల అడుగుతున్నది, జవాబు తమరే రాసి పంపగలరు.

కావున తమరు దయతలచి ఈ దిగువ కోరికలు మన్నించ ప్రార్థన:

అ. స్నేహలత మేడంను వెంటనే మా బడికి పంపవలెను. పసుపు నేరమైతే భద్రమ్మను పిలిపించి విచారించవలెను. అటువంటప్పుడు విచారణాధికారి క్షేమమునకు కమిటీ బాధ్యత వహించదు.

ఆ. లెక్కల గది సీలు తీసి, మిగిలిన బెల్లం మేడారం పంపుటకు, కాంటా పిల్లలకు ఇచ్చుటకు అనుమతి ఇవ్వవలెను.

ఇ. ఇక మీదట "పండుగ వాతావరణం" అని రాసేటప్పుడు ఏ పండుగో రాయవలెను.

ఈ అర్జీని తమరు చిత్తగించవలెను, తీరిక లేకుంటే పదమూడో అంశమైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు, జొన్నరొట్టె మీద బతుకుతున్న
కట్టయ్య

తా.క.: ఈ అర్జీ మడిచి కవరులో పెట్టినాక భద్రమ్మ ఇంకో సంగతి చెప్పింది. ముందే చెప్పి ఉంటే మంచి భాషలో రాసేవాడిని. మేడం తిరిగి వస్తే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కిందట. నా ఎత్తో, ఆమె ఎత్తో, పిల్ల ఎత్తో అయితే ఫికర్ లేకపోవు. ఆమె మొక్కింది తమరి ఎత్తు.

"పంపేది ఆ సారే కద. ఆయన బరువే ఇయ్యాలె" అంటది. తమరు బడి ముందర జీపు దిగుతుంటే నేను చూసిన. తమరు దిగంగనే జీపు జానెడు పైకి లేచింది. జర మొక్కు మార్చుకోమని బతిమాలిన. "తల్లి కాడ మాట మారుస్తరా?" అని తిట్టింది.

ఇది లంచం కాదు సార్. బెల్లమంత తల్లికే పోతది, తమరికి ముట్టేది ఏం లేదు. ఒక్కసారి వచ్చి కూసుంటే చాలు. ఫోను, చెప్పులు, బెల్టు తీసి కూసుంటే మాకు జర ఆసరా. కాంటా కుమారస్వామిది, బెల్లం మాది, బోర్డు మీద తమరి పేరు రాసి లెక్క కట్టేది యమున. లెక్క సరిగ్గ వచ్చిందో లేదో దిద్దేటందుకు మాత్రం మేడం ఉండాలె.